ఎన్ని గోల్స్ కొట్టినవ్ బిడ్డా?

డాలస్‌లో మాకు శనివారం రాత్రి అంటే హనుమకొండలో ఆదివారం పొద్దున. బాపు వీడియో కాల్‌లోకి రాగానే మా పదకొండేళ్ల వాణ్ని అడిగే మొదటి మాట, "ఎన్ని గోల్స్ కొట్టినవ్ బిడ్డా?" ఫుట్‌బాల్‌లో వాడు డిఫెండర్, అవతలివాళ్లను గోల్ కొట్టకుండా ఆపేవాడు. రెండేళ్లలో కొట్టినవి రెండే గోల్స్. "జీరో తాతా" అని చెప్పీ చెప్పీ, చివరికి బాపు ఫోన్ వస్తే బాత్రూంలో దూరడం మొదలుపెట్టాడు. తెలుగు మాట్లాడాల్సి వస్తుందని తప్పించుకుంటున్నాడనుకుని నేను కోప్పడ్డాను. అసలు సంగతి పోయిన వేసవిలో ఇంటికి వెళ్తేగానీ తెలియలేదు.

ఒక మధ్యాహ్నం టీవీలో ఏదో పాత మ్యాచ్ సున్నా-సున్నాతో ముగిసింది. బాపుకు విసుగొచ్చింది. "గంటన్నర ఉరికిన్రు, ఒక్క గోల్ కాలే. గా గోల్ జర పెద్దగ చేస్తే ఏం పోతది?"

వాడికి రోషం వచ్చింది. గోల్ ఇప్పటికే 24 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు, ఇంకా పెంచితే అందరూ దూరం నుంచే కొట్టేస్తారని సగం ఇంగ్లీషులో వాదించాడు. తనవాడు బాల్ అందించకముందే డిఫెండర్లను దాటి గోల్ దగ్గర కాచుకునే తప్పు ఆఫ్‌సైడ్. దాని దగ్గర వాడికి మాట దొరకలేదు. అమ్మ డబ్బాలో దాచిన చింతగింజలు తెచ్చి గచ్చు మీద వరుసగా పేర్చాడు. అవి డిఫెండర్లు. పల్లీలు అవతలి జట్టు, శనగగింజ బాల్. బాల్ ఇంకా కదలకముందే ఒక పల్లీని వరుస దాటించి, "వీడు దొంగ తాతా" అన్నాడు. ఆఫ్‌సైడ్‌కు వాడికి తోచిన తెలుగు అది. నాకైతే ఇంతకన్నా మంచి మాట తట్టదు.

ఆఫ్‌సైడ్ కాకూడదంటే, పూర్వం గోల్‌కూ ఆటగాడికీ మధ్య అవతలివాళ్లు గోల్‌కీపర్‌తో కలిపి ముగ్గురుండాలనేవారు. 1925లో ఇద్దరు చాలన్నారు, ఇంగ్లండ్‌లో ఒక్కసారిగా గోల్స్ పెరిగాయి. ఇప్పుడు మాజీ కోచ్ ఆర్సెన్ వెంగర్ ఇంకో మార్పు అంటున్నాడు: ఒళ్లంతా డిఫెండర్‌ను దాటితేనే ఆఫ్‌సైడ్, మడమ ఒక్కటి సమానంగా ఉన్నా చాలు, తప్పు లేదు. మావాడు పల్లీని చింతగింజకు ఆనించి చూపించి, "అప్పుడు నేనేం చెయ్యాలి తాతా?" అన్నాడు. గొంతు జీరబోయింది.

బాపు కాసేపు ఆ గింజల వైపే చూశాడు. "అంటే నువ్వు పట్టెటోనివా? నేను గూడ కబడ్డీల కార్నర్ల పట్టెటోన్నే బిడ్డా. ఊరోళ్లు కూతకు పోయినోని పేరే చెప్పుకుందురు." బాపు ఆడేవాడని తెలుసు కానీ, ఈ మాట నేనూ మొదటిసారి విన్నాను.

ఇక ఇద్దరూ కూర్చుని ఫుట్‌బాల్‌ను బాగుచేశారు. బాపు తీర్పు ఇది: "టీవీల కబడ్డీ చూడు, రెండు కూతలు ఖాళీ పోతే మూడోదాంట్ల పాయింట్ తేవాలె, లేకుంటే ఔట్. గోల్ పెద్దగ చేసుడు కాదు, ఆడకుండ టైం గడిపెటోన్ని పట్టాలె."

ఫుట్‌బాల్ వాళ్లు ఒకసారి చేసింది కూడా ఇదే. 1990 ప్రపంచకప్‌లో మ్యాచ్‌కు సగటున 2.21 గోల్సే వచ్చాయి, ఏ ప్రపంచకప్‌లోనూ అంత తక్కువ లేదు. సొంత గోల్‌కీపర్‌కు బాల్ వెనక్కి తన్నడం, అతను చేతుల్లో పట్టుకుని నిలబడడం, టైం అలా గడిచిపోయేది. 1992లో, తనవాడు కావాలని కాలితో తన్ని ఇచ్చిన బాల్‌ను గోల్‌కీపర్ చేత్తో పట్టకూడదన్నారు. ఆట కదిలింది, గోల్ సైజు మారలేదు. నా ఓటు కూడా ఇలాంటి మార్పుకే. వెంగర్ మాట మాత్రం నాకు మింగుడుపడదు. ఆపేవాడి పనితనాన్ని తగ్గించి తెచ్చిన గోల్ నాకు వద్దు.

ఇప్పుడు శనివారం బాపు అడిగేది, "ఎందర్ని పట్టినవ్ బిడ్డా?" పోయిన వారం వీళ్లు మూడు-ఒకటితో ఓడారు. ఫోన్ మోగగానే వాడే పరుగెత్తుకొచ్చి ఎత్తాడు. "నలుగుర్ని పట్టిన తాతా. మూడో గోల్ కొట్టినోడు దొంగ, రెఫరీ చూడలే."