తెలుపు నుంచి నలుపుకి

ఈ దేశం వచ్చాక నా మొదటి ఉద్యోగం ప్లాస్టిక్ భాగాలు తయారయ్యే ఫ్యాక్టరీలో. ఏ ఆర్డర్ తర్వాత ఏది మెషీన్ మీదకు ఎక్కించాలో తేల్చే ప్రోగ్రామ్ రాయాలి. వినడానికి చిన్న పనే. కానీ 12 ఆర్డర్లుంటే చాలు, వాటిని దాదాపు 48 కోట్ల రకాలుగా వరుస పెట్టవచ్చు. అన్నీ లెక్కగట్టకుండా, లాభం లేని కొమ్మల్ని ముందే పసిగట్టి నరికేసే పద్ధతి ఉంది: బ్రాంచ్ అండ్ బౌండ్. 1960లో ఐల్సా ల్యాండ్, ఆలిసన్ డోయిగ్ ప్రచురించారు.

నా మోడల్ రెండు నిమిషాల్లో జవాబిచ్చింది. దొరికిన ప్లాన్ అత్యుత్తమానికి మహా అయితే ఎంత దూరంలో ఉందో చెప్పే అంకెను గ్యాప్ అంటారు. అది సున్నా, అంటే ఇంతకన్నా మంచి ప్లాన్ ఉండదని గణితమే తేల్చినట్టు. చాలా సంతోషపడ్డాను. బుధవారానికల్లా ఆ ప్లాన్ గాడి తప్పింది. మూడు ఆర్డర్లు ఆలస్యం. ఎందుకిలా అయిందని మీటింగ్ పెట్టారు. వీసా ఉద్యోగంతో ముడిపడి ఉన్నవాళ్లకు ఆ మీటింగ్ టెన్షన్ వేరే చెప్పక్కర్లేదు.

మధ్యాహ్నం మెషీన్ల దగ్గరకు వెళ్లాను. సీనియర్ ఆపరేటర్‌కి ఇంగ్లీషు రాదు, నాకు వాళ్ల భాష అంతంతమాత్రం. ఆయన పక్కనున్న డబ్బాలోంచి పిడికెడు ముద్ద తీసి నా చేతిలో పెట్టారు. ఇంకా వెచ్చగా ఉంది. తెల్ల ప్లాస్టిక్, లోపల వెంట్రుకల్లా నల్ల చారలు. గడియారం చూపించి రెండు వేళ్లు ఎత్తారు. నలుపు నడిపాక తెలుపు ఎక్కించాలంటే చారలు పోయేదాకా రెండు గంటలు సరుకు పారబోస్తూ ఉండాల్సిందే. తెలుపు మీద నలుపైతే పావుగంట.

నేనేమో ఒక రంగు నుంచి ఇంకో రంగుకు మారే ఏ చేంజోవర్‌కైనా అరగంట అని రాసుకున్నాను, ఆఫీసులో ఇచ్చిన సగటు అది. దాన్ని నమ్మి, లెక్క తేల్చే సాఫ్ట్‌వేర్ అయిన సాల్వర్ తెలుపు, నలుపు, మళ్లీ తెలుపు అని పేర్చింది.

నోట్‌బుక్‌లో గడులు గీశాను. రంగుల పేర్లు ఒకరివి ఒకరికి తెలియక, ప్లాస్టిక్ గింజలనే అడ్డంగా, నిలువుగా పెట్టుకున్నాం. ఎనిమిది రంగులు, 56 గడులు. ఒక్కో గడిలో ఆయన నిమిషాలు రాశారు, ఒక్కచోట కూడా ఆలోచించడానికి ఆగలేదు. ఆ అంకెలు ఏ డేటాబేస్‌లోనూ లేవు.

అవి చేర్చాక లెక్క బరువెక్కింది. అన్ని ఊళ్లూ తిరగడానికి అతి తక్కువ దూరమయ్యే వరుస ఏదని అడిగేది ట్రావెలింగ్ సేల్స్‌మన్ సమస్య; పోయే దూరం, వచ్చే దూరం ఒకటి కాని అలాంటి సమస్యే ఇది. గంట నడిపినా గ్యాప్ 3 శాతం దగ్గరే ఆగింది. అలాగే పంపాను. లేత రంగుల నుంచి ముదురుకు దిగుతూ వెళ్లిన ఆ ప్లాన్ వారమంతా నిలబడింది.

ఇలాంటి లెక్కలకు పునాది అయిన లీనియర్ ప్రోగ్రామింగ్ మొదలైందీ ఇలాంటి చోటే. లెనిన్‌గ్రాడ్ ప్లైవుడ్ ట్రస్టు తన మెషీన్లకు పని ఎలా పంచాలని అడిగితే, సోవియట్ గణితవేత్త కాంటరోవిచ్ 1939లో జవాబు ప్రచురించారు. 1975లో ఆయనకు ఆర్థికవేత్త కూప్‌మన్స్‌తో కలిపి ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది.

తర్వాతి సోమవారం ఆపరేటర్ తనే నా డెస్క్ దగ్గరకు వచ్చారు. కొత్త ప్లాన్ కాగితం మీద ఒక ఎర్ర గింజ పెట్టి తల అడ్డంగా ఊపారు. నోట్‌బుక్ తీసి ఆయన వెంట నడిచాను.