ఏ నది అని చెప్పాలి?

గురువారం, కార్తీకమాసం.

పాల ప్యాకెట్ కత్తిరిస్తుండగా ఫోన్ మోగింది. చెల్లి కూతురు. న్యూజిలాండ్‌లో హామిల్టన్ అనే ఊళ్ళో ఉంటుంది. మనకి ఆరైతే దానికి మధ్యాహ్నం ఒకటిన్నర, ఆఫీసులో లంచ్ టైము.

"పెద్దమ్మా, ఎల్లుండే షో. నాకు రెండు రికార్డింగులు కావాలి. కృష్ణ ఒడ్డున నీళ్ళ చప్పుడు, పంతులుగారు చెప్పే సంకల్పం. రేపటికల్లా పంపవా?"

దానికి ఏదైనా రేపటికల్లానే. బళ్ళో చదివేటప్పుడు కూడా చార్టులు రాత్రి తొమ్మిదింటికి తెచ్చి నా ముందు పడేసేది, నేను డ్రాయింగు టీచరునైన పాపానికి.

షో అంటే పెద్ద గ్యాలరీ ఏం కాదు, కమ్యూనిటీ హాలు. బయటి దేశాల నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడ్డవాళ్ళు కొంతమంది కలిసి పెడుతున్నారు. ఫిలిప్పీన్స్ ఆవిడ అరటిజాతి నారతో నేసిన గుడ్డ, ఇరాన్ ఆయన కలంతో రాసిన అక్షరాలు, మా పిల్లది ముగ్గు. ఇంటి నుంచి తెచ్చుకున్నదీ, ఆ నేలకి మొదటి మనుషులైన మావోరీల దగ్గర నేర్చుకున్నదీ పక్కపక్కన పెట్టాలని వాళ్ళ ఆలోచన.

ముగ్గు మధ్యలో పెపెహా రాసింది. మావోరీలు నలుగురిలో తమ గురించి చెప్పుకునేటప్పుడు పేరుతో మొదలుపెట్టరట. నా కొండ ఇది, నా నది ఇది, మావాళ్ళు వచ్చిన పడవ ఇది, మా తెగ ఇది అని, ఆఖర్న పేరు. అదే పెపెహా. హామిల్టన్ వైపు మావోరీలకి కొండ టౌపిరి, నది వైకాటో. తను ఉండేది అక్కడే కదా అని పిల్ల మొదట ఆ రెండే రాసుకుందట. వాళ్ళకి భాష నేర్పే మావోరీ ఆవిడ నొప్పించకుండా చెప్పిందట, అవి మా పెద్దవాళ్ళవి, నువ్వు నీ కొండను చెప్పుకో అని. దాంతో ఇంద్రకీలాద్రి, కృష్ణ అని మార్చింది.

నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు. మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో ఎవరూ ముందు పేరు అడిగేవాళ్ళు కాదు. "ఏ ఊరు? ఎవరి తాలూకు?" అదయ్యాకే మంచినీళ్ళు, ఆ తర్వాతే పేరు.

ముగ్గు ఫొటో పంపింది. బాగుంది గానీ మరీ కొలిచి గీసినట్టుంది. ముగ్గులో చెయ్యి ఎక్కడో ఒకచోట వణకాలి. ఆ మాటే అన్నాను. "పెద్దమ్మా, మార్కులు వేయకు" అంది.

పోయిన నెల ఇంకో గొడవ. ముగ్గు కింద పరచడానికి కృష్ణ ఒండ్రుమట్టి గుప్పెడు పంపమంది. కవర్లో కట్టి గవర్నరుపేటలో కొరియర్ ఆఫీసుకి పట్టుకెళ్తే, ఆ కుర్రాడు నావంక అదోలా చూశాడు. "మట్టా అండీ? ఆ దేశానికా? బూట్లకి అంటిందే ఒప్పుకోరు." పోనీ కొండపల్లి బొమ్మ పంపుదామంటే అది చెక్క, అదో తనిఖీ. ఆ తెల్ల పొణికి చెక్కతో బొమ్మలు చేసేవాళ్ళు రాజస్థాన్ నుంచి వచ్చినవాళ్ళమనే చెప్పుకుంటారు, నాలుగు వందల ఏళ్ళ కిందట. ఇవాళ వాళ్ళని వలసవాళ్ళంటే బెజవాడ ఊరుకోదు. మా పిల్లకి వెళ్ళి ఇంకా తొమ్మిదేళ్ళే.

పదింటికి దుర్గాఘాట్‌కి వెళ్ళాను. కార్తీకం కదా, మెట్ల నిండా తడిబట్టలు, అరటిదొప్పలు, ఆరిపోయిన దీపాలు. నీళ్ళ చప్పుడు కోసం అరగంట తిరిగాను. ఎక్కడ ఫోన్ పెట్టినా మైకులో తప్పిపోయిన పిల్లాడి అనౌన్స్‌మెంటే వస్తోంది. పిల్లాడు ఎరుపు చొక్కా వేసుకున్నాడట. దొరికాడో లేదో తెలీదు.

ఒక పెద్ద పంతులుగారు ఖాళీగా కనిపిస్తే విషయం చెప్పాను. ఆయన గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. "...శ్రీశైలస్య ఈశాన్య ప్రదేశే, కృష్ణా గోదావర్యోర్మధ్య ప్రదేశే..." చిన్నప్పట్నుంచీ వింటున్నదే. ఎప్పుడు అవుతుందా, అక్షింతలు ఎప్పుడు వేద్దామా అనే చూశాను తప్ప ఒక్కసారీ మనసుపెట్టి వినలేదు. కొండ, నది, సంవత్సరం, మాసం, తిథి, ఆ తర్వాత గోత్రం, అప్పుడు పేరు. ఇది మాత్రం పెపెహా కాదా?

"ఇదెవరికమ్మా?" అన్నారు. చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "అయితే ఇది పనికిరాదు. సంకల్పంలో చెప్పేది కర్త ఎక్కడ కూర్చుని చేస్తున్నాడో ఆ చోటు. అక్కడ చేసేటప్పుడు అక్కడి నదే చెప్పుకోవాలి."

అక్కడావిడేమో నీ ఊరి నది చెప్పమంది, ఇక్కడీయనేమో ఉన్న చోటి నది చెప్పాలంటున్నారు. ఇద్దరిదీ మర్యాదే. మధ్యలో మా పిల్ల. ఆయన చేతిలో వంద పెట్టి ఆటో ఎక్కాను.

భోజనం సింగ్‌నగర్‌లో చెల్లి ఇంట్లో. దొండకాయ వేపుడు, పప్పుచారు. వాళ్ళ హాల్లో తూర్పు గోడకి రంగు వెయ్యలేదు. 2024 సెప్టెంబరు 1, ఆదివారం, బుడమేరు వచ్చి నిలబడ్డ గీత ఇంకా ఉంది, నా ఛాతీ ఎత్తున. అయిదు రోజులు పక్కింటివాళ్ళ మేడమీదే ఉన్నారు, డ్రోన్లు పడేసిన పొట్లాలు తింటూ. అప్పుడే కృష్ణకి కూడా వరద. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది, టీవీల్లో మేమందరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. ముంచింది మాత్రం బుడమేరు. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేటికి పోయే వాగు. మామూలు రోజుల్లో దాన్ని మురుక్కాలవ అనే అంటాం.

పిల్ల రాసుకున్నది చదివి వినిపించాను. నా నది కృష్ణ అని. చెల్లి చారు గరిటె అలాగే పట్టుకుని, "కృష్ణ మా ఇంటికి ఎప్పుడొచ్చిందే అక్కా? పుష్కరాలకి మనమే వెళ్ళాం దాని దగ్గరికి. మా ఇంటికొచ్చింది బుడమేరేగా" అంది.

మరిదిగారు నవ్వారు. న్యూజిలాండ్‌లో వాంగనుయి అనే నదిని 2017లో చట్టం చేసి మనిషితో సమానంగా గుర్తించారని పిల్ల ఎప్పుడో చెప్పిందట. మన దగ్గర కూడా అదే ఏడు ఉత్తరాఖండ్ హైకోర్టు గంగా యమునలకి అలాంటి తీర్పే ఇచ్చింది, సుప్రీంకోర్టు ఆపేసింది. "మన బుడమేరు కూడా మనిషయితే నా ఫ్రిజ్జుకీ బీరువాకీ కేసు వేద్దును" అన్నారాయన.

"ముందు అదే మన మీద వేస్తుంది" అంది చెల్లి. "మన ఇల్లు ఉన్నది ఎవరి చోట్లో?"

ఆయన మజ్జిగ పోసుకున్నారు. ఇంక ఆ మాట ఎత్తలేదు.

తిని వంతెన మీదికి నడిచి వెళ్ళాను. కింద బుడమేరు. గుర్రపుడెక్క, ప్లాస్టిక్ సీసాలు, ఒక తెల్లకొంగ. నీళ్ళు కదులుతున్నాయో లేదో కూడా తెలియట్లేదు. రికార్డు చేస్తే ఆటో హారన్లు, ఎవరో పిల్లాణ్ణి తిడుతున్న ఆడగొంతు. రెండు నిమిషాలు అలాగే పట్టుకున్నాను. ఇంటికొచ్చి ఘాట్‌దీ, ఇదీ, గోడ మీద గీత ఫొటో, మూడూ పంపాను. పంతులుగారు అన్నదీ వాళ్ళమ్మ అన్నదీ టైపు చేశాను. ఏది పెట్టుకోమని చెప్పలేదు. నాకైతే వాళ్ళమ్మ మాటే సరైనదనిపిస్తోంది, కానీ ముగ్గులో కృష్ణ పేరు రాయడం అయిపోయింది, షో ఎల్లుండి.

సాయంత్రం అయిదింటికి రిప్లై వచ్చింది. అక్కడ అర్ధరాత్రి దాటింది, నిద్రపోలేదన్నమాట. మెచ్చుకోలూ లేదు, థాంక్సూ లేదు. ఒక్క లైను.

"మరి బుడమేరుకి కొండ ఏది పెద్దమ్మా?"

మరిదిగారికి ఫోన్ చేశాను. మైలవరం వైపు కొండలన్నారు. అది నాకూ తెలుసు, పేరు కావాలన్నాను. కాసేపు ఆలోచించి, "మాకెలా తెలుస్తుందండీ, ఆ కొండల్లో మేకలు మేపేవాళ్ళని అడగాలి" అన్నారు.

రేపు పొద్దున ఎనిమిదింటికి మైలవరం బస్సు ఉందట.