వైఫై డ్రైవర్ దెబ్బకి లాప్‌టాప్ మొత్తం బిగుసుకుపోతుంటే

కంప్యూటర్ ఉన్నట్టుండి బిగుసుకుపోతోందంటే మన దగ్గర మొదట వినపడే సలహా "ఫార్మాట్ కొట్టించెయ్". విజయవాడ ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టులు అమ్మే మా బాబాయ్ లాప్‌టాప్‌కీ అదే చెప్పారు, ఇంకొకరైతే ర్యామ్ మార్చాలన్నారు. షాపు బిల్లింగంతా అందులోనే, విండోస్ బదులు వాడే ఉబుంటు అనే లినక్స్ సిస్టమ్ మీద. బిల్లు కొడుతుండగా మౌస్ ఆగిపోతుంది, మూలనున్న టైమ్ ఆగిపోతుంది, క్యాప్స్ లాక్ నొక్కినా లైటు వెలగదు, పాట వస్తుంటే ఉన్న ముక్కే గర్‌ర్‌మని మోగుతూ ఉంటుంది.

అసలు ఆచూకీ బాబాయ్ మాటల్లోనే దొరికింది. "కాసేపు ఊరికే వదిలేసి మళ్లీ నెట్ తెరిస్తే ఆగిపోతోందిరా" అన్నాడు. ర్యామ్ పాడైతే ఇంత వేళాపాళా చూసుకుని ఆగదు కదా!

మామూలు ప్రోగ్రామ్ చెడితే అదొక్కటే మూసుకుపోతుంది, కానీ వైఫై కార్డుని నడిపించే ప్రోగ్రామ్, అంటే వైఫై డ్రైవర్, పనిచేసేది సిస్టమ్‌కి గుండెకాయలాంటి కెర్నల్ లోపల, కార్డు నుంచి జవాబు రాక అది అక్కడే ఇరుక్కుంటే సింగిల్ లైన్ మీద ఇంజిన్ ఆగినట్టే, వెనకవన్నీ ఆగుతాయి.

మళ్లీ ఆన్ చేశాక టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే విండో) 'జర్నల్‌సీటీఎల్ -కె -బి -1' కొడితే అంతకుముందు ఆన్ చేసినప్పుడు కెర్నల్ రాసుకున్నదంతా కనపడుతుంది. బాబాయ్ లాప్‌టాప్‌లో చివరంతా 'పీసీఐఈ బస్ ఎర్రర్' (కార్డుకీ బోర్డుకీ మధ్య లింకులో తప్పు) అనే వరసలే, పక్కన వైఫై కార్డు నంబరు. ఒక్కోసారి గట్టిగా బిగుసుకుంటే డిస్క్ మీద రాసే టైమే ఉండదు, లాగ్‌లో ఏమీ లేదని డ్రైవర్‌ని వదిలేయకండి. 'ఎల్ఎస్‌పీసీఐ -ఎన్ఎన్‌కె' కొడితే ఆ కార్డుని ఏ డ్రైవర్ నడుపుతోందో తెలుస్తుంది. ఆ పేరుని మోడ్‌ప్రోబ్ డాట్ డి ఫోల్డర్‌లో బ్లాక్‌లిస్ట్ చేసి, అంటే ఆ డ్రైవర్ అసలు లోడ్ కాకుండా ఆపేసి, రీస్టార్ట్ చేసి, ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ మీద షాపు నడిపించాం. ఒక్కసారి కూడా ఆగలేదు. సెట్టింగ్స్‌లో వైఫై ఆఫ్ చేస్తే చాలదు, డ్రైవర్ లోపలే ఉంటుంది కాబట్టి ఆ పరీక్ష లెక్కలోకి రాదు.

తప్పు ఎక్కడంటే కరెంటు పొదుపులో. పని లేనప్పుడు కార్డుకీ బోర్డుకీ మధ్య లింకుని నిద్రపుచ్చే ఏఎస్‌పీఎం అనే ఏర్పాటుంది, కొన్ని కార్డులు ఆ నిద్రలోంచి సరిగా లేవవు. నెట్‌లో అందరూ 'పీసీఐఈ_ఏఎస్‌పీఎం=ఆఫ్' పెట్టమంటారు, అయితే దానర్థం కెర్నల్ ఆ సంగతి ముట్టుకోదని మాత్రమే, సిస్టమ్ కంటే ముందు లేచే బోర్డులోని ప్రోగ్రామ్ బయాస్ దాన్ని ముందే ఆన్ చేసి ఉంటే అది అలాగే ఉండిపోతుంది. అందుకే నేను సిస్టమ్‌ని మొదలుపెట్టే గ్రబ్ ఫైల్‌లో 'పీసీఐఈ_ఏఎస్‌పీఎం.పాలసీ=పెర్ఫార్మెన్స్' అని, అంటే లింకుని నిద్రపుచ్చొద్దని రాసి, అప్‌డేట్-గ్రబ్ కొట్టి, బ్లాక్‌లిస్ట్ తీసేశాను. దాంతోపాటు నెట్ కనెక్షన్లు చూసుకునే నెట్‌వర్క్ మేనేజర్‌లో 'వైఫై.పవర్‌సేవ్' విలువ ఉబుంటులో 3 ఉంటుంది, అంటే ఆన్. దాన్ని 2 చేస్తే ఆఫ్. బ్యాటరీ కాస్త త్వరగా దిగుతుంది, షాపులో ఎప్పుడూ ఛార్జర్ మీదే ఉండేదానికి అదో లెక్క కాదు. ఆ మార్పు తర్వాత బాబాయ్ బిల్లింగ్ మళ్లీ వైఫై మీదే నడుస్తోంది.

విండోస్ వాళ్లయితే డివైస్ మేనేజర్‌లో వైఫై అడాప్టర్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్‌లో కరెంటు ఆదా కోసం పరికరాన్ని ఆపేయొచ్చు అన్న చోట టిక్ తీసేసి చూడండి.

ఇంకొకటి, బిగుసుకున్నప్పుడల్లా పవర్ బటన్ నొక్కి పట్టుకుంటే రాస్తున్న ఫైలు పాడయ్యే ప్రమాదముంది, బిల్లుల డేటా కదా, నాకు టెన్షన్ అంతా అక్కడే. ఉబుంటులో అయితే ముందు ఆల్ట్, ప్రింట్ స్క్రీన్ కలిపి పట్టుకుని ఎస్, యూ, బీ ఒకదాని తర్వాత ఒకటి కాస్త ఆగి ఆగి నొక్కండి. కెర్నల్‌లో కాస్త ప్రాణం మిగిలుంటే డేటా డిస్క్‌కి రాసేసి రీస్టార్ట్ అవుతుంది. దానికీ ఉలుకూ పలుకూ లేకపోతే అప్పుడు పవర్ బటన్.