రీసెట్ లేని పాయింటర్

ఆదివారం. తొమ్మిదిన్నరకల్లా మా అక్క కొడుకు ల్యాప్‌టాప్ సంచీతో వచ్చాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే ఎక్కడా మారకుండా కూకట్‌పల్లిలో దిగవచ్చు. "మామయ్యా, ఫైఫో టెస్టులన్నీ పాసయ్యాయి, ఒకసారి చూడండి" అన్నాడు, చెప్పులు విప్పుతూనే.

చివరి సంవత్సరం ప్రాజెక్టు. 16 గదుల ఫైఫో, అంటే ముందు రాసిందే ముందు బయటికి వచ్చే నిల్వ. ఎక్కడ రాయాలో రైట్ పాయింటర్, ఎక్కడ చదవాలో రీడ్ పాయింటర్ చెబుతాయి, రెండూ ఐదు బిట్లవి. మొదటిదానిలోంచి రెండోది తీసేస్తే లోపల ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది. టెస్టులు పైథాన్‌లో, హార్డ్‌వేర్‌ను పరీక్షించే కోకోటీబీతో రాశాడు. శుభ్రంగా రాశాడు, నాకు ముచ్చటేసింది. నడిపింది మాత్రం వెరిలేటర్ అనే సిమ్యులేటర్ ఒక్కదానిలోనే. కోకోటీబీలో సిమ్యులేటర్ పేరు మారిస్తే అవే టెస్టులు ఇంకోదానిలో నడుస్తాయి. ఐకారస్ అనే సిమ్యులేటర్ పేరు పెట్టి నడపమన్నాను. ఫైఫోలో ఎన్ని ఉన్నాయో సంఖ్యగా చదివే తొలి వరుసలోనే టెస్ట్ ఆగిపోయింది.

సిగ్నళ్లను గీతలుగా చూపే జీటీకేవేవ్ తెరిచాం. రైట్ పాయింటర్ పచ్చగా కదులుతోంది. దాని కింద రీడ్ పాయింటర్ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఎర్రగా ఉంది, అంటే దాని విలువ తెలియదు. అన్నిటినీ మొదటికి తెచ్చే రీసెట్‌లో రైట్ పాయింటర్‌ను సున్నా చేశాడు, రీడ్ పాయింటర్‌ను మరిచిపోయాడు.

వెరిలేటర్‌ను తప్పుపట్టలేను. హార్డ్‌వేర్‌ను వర్ణించే వెరిలాగ్ కోడ్‌ను సీ ప్లస్ ప్లస్‌గా మార్చి నడుపుతుంది, అందుకే అంత వేగం. అది ప్రధానంగా సున్నా, ఒకటి అనే రెండు విలువలతోనే పనిచేస్తుంది. పాయింటర్ లాంటి విలువను దాచుకునే రిజిస్టర్‌కు తొలి విలువ లేకపోతే, మనం వేరేగా అడగకపోతే, దాన్ని సున్నాతో మొదలుపెడుతుంది. ఐకారస్ అదే రిజిస్టర్‌ను 'తెలియదు' అంటుంది. రీసెట్ వదిలిన వెంటనే ఫైఫో ఖాళీగా ఉండాలని ఒక షరతు రాసి, షరతు ఎప్పుడైనా తప్పుతుందా అని వెతికే సింబియోసిస్‌కు ఇచ్చాను. అది రీడ్ పాయింటర్‌కు తనే 19 ఎంచుకుని, షరతు ఇలా తప్పుతుందని చూపించింది. ఒకే తప్పును మూడూ మూడు రకాలుగా చూశాయి. ఎన్నేళ్లు చేసినా ఈ పనిలో నాకు ఇష్టమైన ఘట్టం ఇదే.

"కానీ ఎఫ్‌పీజీఏ బోర్డు మీద పనిచేసింది కదా మామయ్యా?"

మంచి ప్రశ్న. ఎఫ్‌పీజీఏ అంటే మనకు కావలసిన డిజైన్‌ను ఎక్కించుకోగల చిప్. బోర్డులోకి డిజైన్ ఎక్కించేటప్పుడే రిజిస్టర్లకు తొలి విలువలు కూడా చేరతాయి, మనం ఏమీ చెప్పకపోతే చాలావాటిలో అది సున్నా. ఫ్యాబ్‌లో, అంటే చిప్‌ల ఫ్యాక్టరీలో, ఒకే డిజైన్‌కు తయారైన చిప్‌కు ఆ సౌకర్యం ఉండదు. కరెంటు ఇచ్చిన క్షణాన, ఒక బిట్‌ను దాచే ఫ్లిప్‌ఫ్లాప్ ఎటు ఒరుగుతుందో ముందే చెప్పలేం.

ఇంతలో అన్నానికి పిలుపు. గోంగూర పప్పు కలుపుకుంటూ వాడు మాట్లాడటం మానేశాడు. చెయ్యి కడుక్కుని నేరుగా ల్యాప్‌టాప్ దగ్గరికి వెళ్లాడు. "బోర్డు మీద రీసెట్ బటన్ మొదట్లో ఒక్కసారే నొక్కాను. మధ్యలో నొక్కితే?"

అది నేను చెప్పలేదు, వాడికే తట్టింది. ఐదు రాసి, రెండు చదివి, మళ్లీ రీసెట్ ఇచ్చే టెస్ట్ రాశాడు. ఈసారి వెరిలేటర్‌లోనే టెస్ట్ ఫెయిలైంది. రైట్ పాయింటర్ సున్నాకు వచ్చింది, రీడ్ పాయింటర్ రెండు దగ్గరే నిలిచిపోయింది. ఐదు బిట్లలో సున్నా నుంచి రెండు తీసేస్తే 30. ఖాళీగా ఉండాల్సిన 16 గదుల ఫైఫోలో 30 ఉన్నాయట!

మరిచిన వరుస చేర్చి, మూడింటిలోనూ నడిపి చూసుకున్నాకే లేచాడు. ఆ రెండో రీసెట్ టెస్ట్‌ను అన్నిటికన్నా ముందు నడిచేలా పెట్టుకుని వెళ్లాడు.