గీతల్లేని స్పెక్ట్రమ్

నాలుగు రాత్రులు నా కోడ్‌లోనే తప్పుందనుకున్నా. పాలపుంత కేంద్రం దగ్గరున్న క్వింటుప్లెట్ నక్షత్రాల గుంపుకు ఆ పేరు తెచ్చిన ఐదింటిలో ఒకదాని పరారుణ డేటా దించుకుని స్పెక్ట్రమ్ (ఏ తరంగదైర్ఘ్యంలో ఎంత వెలుగుందో చూపే గ్రాఫ్) గీస్తే, 2 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర అంతా నున్నగా వచ్చింది. మూలకాలు వదిలే గుర్తులైన గీతల్లో ఒక్కటీ లేదు! గీతలు లేకపోతే అది ఏ రకం నక్షత్రమో ఎలా చెప్పాలి?

తర్వాత తెలిసింది, ఆ నునుపే అసలు సంగతని. ఆ ఐదు నక్షత్రాలూ ధూళి ముసుగేసుకున్నాయి. వేడెక్కిన ధూళి వెలుగులో లోపలి నక్షత్రం గీతలు మునిగిపోతాయి. 1990 నుంచీ ఇదే చిక్కు. 2006లో కెక్ టెలిస్కోప్ చిత్రాల్లో రెండింటి చుట్టూ ధూళి సుడిగాలిలా తిరుగుతూ కనిపించింది. వోల్ఫ్-రాయె (బలమైన గాలితో తమ పదార్థాన్ని వెదజల్లే, చాలా వేడైన భారీ నక్షత్రాలు) ఉన్న జంటలేమో అన్న అనుమానం బలపడింది.

గీతలు దొరికింది మాత్రం తరంగదైర్ఘ్యం తగ్గించి చూసినప్పుడే. అక్కడ ముసుగు వెలుగు తక్కువ. కానీ మనకూ వాటికీ మధ్య దారిలోని ధూళి ఆ వెలుగును ఎక్కువ మింగేస్తుంది, అందుకే పెద్ద టెలిస్కోప్ కావాలి. 2017లో ఆ కార్బన్, హీలియం గీతలు బయటపడ్డాయి.

నా కోడ్‌లో తప్పు లేదన్నమాట. ఆ నాలుగు రాత్రుల నిద్ర ఎవరిస్తారు?