మే నెల లాంగ్ వీకెండ్, ఒక జాడీ ఆవకాయ

ఫ్రాన్స్‌లో మే నెల వచ్చిందంటే సెలవులే సెలవులు. మే 1 కార్మికుల రోజు, మే 8 రెండో ప్రపంచ యుద్ధంలో గెలిచిన రోజు. ఈస్టర్ నుంచి లెక్కపెడితే నలభయ్యో రోజున అసెన్షన్, అంటే క్రీస్తు ఆరోహణ పండుగ, ఆపైన పాంతకోత్ (పెంతెకొస్తు) సోమవారం. అసెన్షన్ ఎప్పుడూ గురువారమే పడుతుంది. శుక్రవారం ఒక్కరోజు సెలవు పెట్టుకుంటే నాలుగు రోజులు కలిసొస్తాయి. 2024లో అయితే మే 8 బుధవారం వచ్చి, మర్నాడే అసెన్షన్ పడి, వరసగా ఐదు రోజులు దొరికాయి. ఆ శుక్రవారం పిల్లలకు బడి కూడా ఉండదు. వారానికి 35 గంటల పని చట్టం పుణ్యమా అని ఆఫీసుల్లో కొన్ని అదనపు సెలవులు పోగవుతాయి. వాటిని ఆర్‌టీటీ అంటారు. మావారు అందులో ఒకటి ఈ శుక్రవారం కోసమే అట్టే పెడతారు.

ఆ నాలుగు రోజులూ పారిస్ చుట్టుపక్కల వాళ్ళంతా నార్మండీ సముద్రం వైపు వెళ్ళిపోతారు. బుధవారం సాయంత్రం నుంచే హైవేలన్నీ కిక్కిరిసిపోతాయి. మేం మాత్రం కావాలనే పారిస్ శివారు మాసీలో మా అపార్ట్‌మెంట్‌లోనే ఉండిపోతాం. తెలిసిన రెండు తెలుగు కుటుంబాలను పిలుస్తాం. ఊరికి వెళ్ళే డబ్బుల్లేక కాదు. మా పిల్లలకు సముద్రం కంటే తెలుగు మాట్లాడే మనుషులు ఎక్కువ అవసరమని గట్టిగా నమ్ముతాను.

ఇక్కడ 2019 నుంచి మూడేళ్ళు నిండిన పిల్లలకు చదువు తప్పనిసరి చేశారు. మంచి చట్టమే. కానీ మూడేళ్ళకే పిల్లలు పొద్దున ఎనిమిదిన్నరకు వెళ్ళి సాయంత్రం నాలుగున్నర దాకా ఫ్రెంచ్‌లో ఉంటారు. మధ్యాహ్నం భోజనం కూడా బడి క్యాంటీన్‌లోనే. ఇద్దరం ఉద్యోగాలు చేసేవాళ్ళం కాబట్టి మా పిల్లలు ఆరు దాకా అక్కడే. ఇంటికొచ్చాక పడుకునేలోపు మిగిలేది మూడు గంటలు. ఆ మూడు గంటల్లో మా నోట వాళ్ళు వినే తెలుగంతా ఏమిటి? చేతులు కడుక్కో, స్నానానికి పద, హోంవర్క్ అయిందా, తిను, పడుకో. వాళ్ళకు తెలిసిన తెలుగులో సగం ఆజ్ఞలే. మిగతా సగం బతిమాలడం. ఫ్రెంచ్‌లో మాత్రం వాళ్ళు నవ్వుతారు, దెబ్బలాడుకుంటారు, రహస్యాలు చెప్పుకుంటారు, కథలల్లుతారు. ఇక ఏ భాష మీద ఇష్టం పెరుగుతుందో చెప్పక్కర్లేదు.

మాకు తెలుగు ఆజ్ఞల్లో రాలేదు. మంచం మీద పడుకుని పెద్దవాళ్ళ కబుర్లు దొంగతనంగా వింటుంటే వచ్చింది. ఎవరి పెళ్ళి ఎందుకు చెడిందో, ఏ పొలం ఎవరు అమ్ముకున్నారో, అవన్నీ చెవిన పడుతూ వచ్చింది. అలాంటి వాతావరణానికి కనీసం పదిమంది మనుషులు, బోలెడు ఖాళీ సమయం ఉండాలి. మామూలు వారంలో ఈ రెండూ ఉండవు. లాంగ్ వీకెండ్‌లో కుదురుతాయి.

ఈసారి మాకు ఇంకో అదృష్టం కలిసొచ్చింది. మా స్నేహితురాలి అమ్మగారు కాకినాడ నుంచి వచ్చి ఉన్నారు. నేను పిన్నిగారూ అంటాను, పిల్లలు అమ్మమ్మా అంటారు. ఆవిడకు ఫ్రెంచ్ రాదు, ఇంగ్లిష్ రాదు. మా పిల్లలకు అంతకంటే మేలు చేసే మనిషి లేదు. నాతో మాట్లాడేటప్పుడు తెలుగు మాట దొరక్కపోతే ఫ్రెంచ్ మాట పెట్టేసి దాటేస్తారు, నాకెలాగూ అర్థమవుతుందని తెలుసు. ఆవిడ దగ్గర అది నడవదు. మాట వెతుక్కోవాల్సిందే.

మే నెల, పిన్నిగారు, నాలుగు రోజులు. ఇక ఆవకాయ పెట్టకుండా ఎలా ఉంటాం? బుధవారం పిల్లలకు బడి లేదు. నేనూ ఇంటి నుంచే పని చేసి, మధ్యాహ్నం తొందరగా ముగించుకుని వాళ్ళతో ఆర్‌ఈఆర్ బీ లోకల్ రైలు ఎక్కాను. గార్ దు నోర్‌లో దిగి నడిస్తే లా షపెల్ వస్తుంది. 1983 గొడవల తర్వాత శ్రీలంక నుంచి వచ్చిన తమిళులు నిలబెట్టిన వీధులవి. కరివేపాకు, మునక్కాయలు, పప్పునూనె, పుల్లటి పచ్చి మామిడికాయలు అన్నీ దొరుకుతాయి. కాయ పిందెగా ఉండకూడదు, టెంక ముదిరి ఉండాలి. ఒక్కొక్కటీ నొక్కి చూస్తుంటే కొట్టతను ఓపిగ్గా ఇంకో పెట్టె తెచ్చి పెట్టాడు.

గురువారం పొద్దున్నే ఇల్లంతా నిండిపోయింది. కాయలు కడిగి, పొడిగుడ్డతో తుడిచి, బాల్కనీలో ఆరబెట్టడం పిల్లల పని. చుక్క తడి ఉన్నా ఊరగాయ బూజు పడుతుందని పిన్నిగారు చెప్తే, మా చిన్నాడు ప్రతి కాయనీ ఆవిడకు చూపించి "తడి లేదు కదా అమ్మమ్మా" అని అడిగి మరీ పక్కన పెట్టాడు. టెంకతో సహా ముక్కలు కొట్టడం మావారి వంతు. ఊరి నుంచి లగేజీలో పెట్టుకుని తెచ్చుకున్న కత్తి అది. ముక్కకు లోపలి పొర తీసెయ్యడం పెద్దదానికి అప్పజెప్పాం. ఆవాలు ఆరబెట్టి మిక్సీలో కొద్దికొద్దిగా ఆగి ఆగి తిప్పాను. ఒకేసారి తిప్పితే వేడెక్కి చేదొస్తుంది.

కారం, ఆవపిండి, ఉప్పు, మెంతులు. కొలతలు పిన్నిగారి చేతిలో ఉన్నాయి. ఆవిడ గిన్నెతో వేస్తుంటే పెద్దది కాగితం మీద రాసుకుంది, తెలుగు అక్షరాల్లో. "మెంతులు" దగ్గర ఆగి, "మె" పక్కన సున్నా పెట్టాలా వద్దా అని అడిగింది. బడిలా కూర్చోబెట్టి రాయించినప్పుడు ఎన్నడూ ఇలా అడగలేదు. రాసింది నిజంగా అవసరమైన విషయం కాబట్టి అడిగింది.

ఇక్కడ ఒక మాట. కొందరి ఇళ్ళల్లో పిల్లలు ఫ్రెంచ్ మాట దొర్లిస్తే యాభై సెంట్లు జరిమానా పెడుతున్నారు. నాకు నచ్చదు. ఫ్రెంచ్ మా పిల్లల భాష కూడా. వాళ్ళ స్నేహాలన్నీ అందులోనే ఉన్నాయి. ఒకదాన్ని నేరంగా చూపిస్తే రెండోది శిక్షలా తోస్తుంది. పెద్దవాళ్ళు గదిలోంచి కదిలితే చాలు పిల్లలందరూ ఫ్రెంచ్‌లోకి దిగిపోతారు. దిగనివ్వండి. మళ్ళీ అమ్మమ్మ దగ్గరికి రావాలిగా.

అసలు ఆ ఫ్రెంచే లేకపోతే ఈ వీకెండ్ సాగేది కాదు. ఇంట్లో జనం ఎక్కువైతే చుట్టుపక్కల వాళ్ళకు ముందే చెప్పడం ఇక్కడి మర్యాద. లిఫ్టులో అంటించే చీటీని పెద్దదే రాసింది. బంధువులు వస్తున్నారు, కాస్త సందడి ఉంటుంది, రాత్రి పదికల్లా ఆపేస్తాం, ఇబ్బందైతే తలుపు తట్టండి అని. ఎంత చక్కగా రాసిందంటే కింద అంతస్తు ముసలావిడ శుక్రవారం పొద్దున వచ్చి పిల్లను మెచ్చుకుని వెళ్ళింది.

శుక్రవారం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. వంట, పేకాట, బట్టలు, మళ్ళీ వంట. సాయంత్రం పెద్దదాని క్లాసులో చదివే ఫ్రెంచ్ అమ్మాయి రాత్రి ఉండిపోవడానికి వచ్చింది. జాడీ మూత తీసి వాసన చూపిస్తే వెంటనే మూటార్డ్, అంటే వాళ్ళ ఆవముద్ద, అని గుర్తుపట్టింది. ఆవాలు వాళ్ళకూ ప్రాణమే. 2021లో, ఇక్కడికి ఆవాలు వచ్చే కెనడాలో కరువొచ్చి ఆవపంట పోయింది. మరుసటేడు ఇక్కడి సూపర్‌మార్కెట్లలో దిజాన్ మూటార్డ్ సీసాలు దొరక్క జనం అల్లాడిపోయారు. వాళ్ళమ్మ సీసాలు దాచిపెట్టిందని ఆ పిల్ల చెప్తే పిన్నిగారికి ఎంత ఆనందమో. "మన లాంటి వాళ్ళేనే!" అన్నారు.

శనివారం మూడో రోజు. ఆవకాయ తిరగకలిపే రోజు. జాడీలోంచి బేసిన్‌లోకి తీసి కలిపి, మళ్ళీ జాడీకెత్తాక, ఆ బేసిన్‌కు అంటుకున్న గుజ్జులో వేడన్నం, నెయ్యి వేసి పిన్నిగారు ముద్దలు కలిపారు. పిల్లలు చుట్టూ కూర్చున్నారు. ఫ్రెంచ్ పిల్లకు నెయ్యి ఎక్కువ వేసి చిన్న ముద్ద పెట్టారు. అప్పుడు మొదలైంది యానాం కథ.

"అమ్మమ్మా, యానాం నిజంగా ఫ్రాన్సేనా?" అని మా పెద్దది.

"అవునే తల్లీ. మా కాకినాడ పక్కనే, గోదారి ఒడ్డున. నేను పుట్టేసరికే ఫ్రెంచోళ్ళు వెళ్ళిపోయారు. మా అమ్మమ్మ పెళ్ళి మాత్రం వాళ్ళ రాజ్యంలోనే అయింది."

"ఎందుకక్కడ?"

"చిన్నపిల్లలకు పెళ్ళిళ్ళు చెయ్యకూడదని బ్రిటిషోళ్ళు చట్టం తెచ్చారు. యానాంలో ఆ చట్టం చెల్లదుగా. చుట్టుపక్కల వాళ్ళంతా పెళ్ళివారిని తీసుకుని అక్కడికి పోయి చేసేసేవారు."

"అప్పుడు ఆవిడకు ఎన్నేళ్ళు?"

"నీ ఈడే. పదేళ్ళు."

పెద్దది చేతిలో ముద్ద అలాగే పట్టుకుని ఉండిపోయింది. తర్వాత పక్కనున్న స్నేహితురాలి వైపు తిరిగి మొత్తం ఫ్రెంచ్‌లో చెప్పింది. ఆ పిల్ల ఏదో అడిగింది. పెద్దది ఇటు తిరిగి, "అమ్మమ్మా, ఆవిడ బడికి వెళ్ళిందా?"

"లేదమ్మా. ఎక్కడైనా వేలిముద్రే."

మళ్ళీ అటు చెప్పింది. మళ్ళీ ప్రశ్న. "మరి ఫ్రెంచ్‌వాళ్ళు ఎందుకు ఊరుకున్నారు?"

"మన పిల్లల గొడవ వాళ్ళకెందుకు పడుతుందే!"

ఆ చట్టం 1929 నాటి శారదా చట్టం. ఆడపిల్లకు కనీసం పద్నాలుగేళ్ళు ఉండాలంది. మరుసటి ఏడు ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. యానాం 1954 దాకా ఫ్రెంచ్ వాళ్ళ చేతిలోనే ఉంది. ఇవన్నీ చెప్పాలని నాకు నోటిదాకా వచ్చింది కానీ ఆగాను. పది పన్నెండు ప్రశ్నలు అటూ ఇటూ నడిచాయి. "కాపురం", "వేలిముద్ర", "ఈడు" లాంటి మాటలు పెద్దది ఆవిడను అడిగి అర్థం తెలుసుకుని మరీ అవతలికి చేరవేసింది. ఫ్రాన్స్, గోదావరి ఒకే కథలో ఉన్నాయని, ఆ కథ తన వయసు పిల్లదని దానికి ఆ పూట తెలిసింది. రెండు భాషలూ వచ్చిన మనిషి ఆ గదిలో తప్పనిసరిగా కావలసి వచ్చింది. ఆ మనిషి అదే అయింది.

ఆదివారం సీసాల్లోకి పంపకాలు, ఇల్లు ఊడ్చుకోవడం. సాయంత్రం రాజమండ్రిలో మా అమ్మకు వీడియో కాల్ చేస్తే, ఎప్పుడూ "బాగున్నా అమ్మమ్మా" అని చెప్పి పారిపోయే పెద్దది ఫోన్ లాక్కుని గదిలోకి వెళ్ళింది. మా అమ్మ పెళ్ళి ఎక్కడ జరిగిందో, అప్పటికి ఎంత చదువుకుందో, ఎవరు ఆపేశారో అడిగింది. పదో తరగతి మధ్యలో అమ్మను మాన్పించిన సంగతి నాకు తెలుసు. అమ్మ దానికోసం ఏడ్చి రెండు పూటలు అన్నం మానేసిందని మాత్రం మొదటిసారి విన్నాను.

పిన్నిగారి వీసా పాంతకోత్ సెలవుకు ముందే అయిపోతుంది. తొంభై రోజులకు మించి ఉండనివ్వరు. అందుకని అమ్మను వచ్చే ఏడాది ఏప్రిల్‌లోనే రప్పించాలని ఇద్దరం అనుకున్నాం. ఏప్రిల్, మే, దాదాపు జూన్ అంతా ఇక్కడే గడిపితే అక్కడి ఎండలూ తప్పుతాయి, ఈ సెలవులన్నిటికీ ఇంట్లో ఉంటుంది. ఆహ్వానపత్రం కోసం మున్సిపాలిటీలో దరఖాస్తు పెట్టాలి, ముప్పై యూరోల స్టాంపు, ఇంటి కాగితాలు, జీతం రసీదులు. వాటికి ఫైలు ఒకటి తెరిచి మావారు అప్పుడే పని మొదలుపెట్టారు.