ఊడని డ్రమ్ము

ఇవాళంతా మా మారుతి జిప్సీ జీపు వెనక చక్రం దగ్గరే గడిచింది. సబ్బు పెట్టి రుద్దినా గోళ్ల సందుల్లో తుప్పు అలాగే ఉంది.

బండి బాపుది, 1300 సీసీ పెట్రోలు జిప్సీ. కంటి ఆపరేషన్ అయ్యాక ఆయన నడపడం మానేశాడు. దాంతో ఈ వానాకాలమంతా హన్మకొండలో మా ఇంటి ముందు రేకుల కిందే నిలబడింది. అంతకు ముందు చివరిసారి పాకాల వైపు వెళ్లి వాగు దాటి వచ్చింది. ముందు చక్రాలవి డిస్క్ బ్రేకులు, బయటికే ఉంటాయి కాబట్టి కాసేపు కరకరమని సర్దుకున్నాయి. వెనక చక్రాలవి డ్రమ్ము బ్రేకులు, వాటి సంగతి వేరు. బ్రేకు సామానంతా మూసిన డ్రమ్ము లోపలే ఉంటుంది. లోపలికి పోయిన నీళ్లు, ఒండ్రు అంత సులువుగా బయటికి రావు. గేరు వేసి క్లచ్ వదిలితే బండి వెనక భాగం కుంగుతోంది కానీ కుడి చక్రం తిరగదు.

దసరాకు బండి కడిగి పూజ చేయాలని బాపు పట్టు. అందుకే పొద్దున్నే పాత మెకానిక్ భాయ్‌ని పిలిచాను. బాపు మొదటి జీపు రోజుల నుంచీ మా ఇంటి బళ్లన్నీ ఆయన చేతి మీదే నడిచాయి.

ముందు చక్రాలకు అటూ ఇటూ రాళ్లు పెట్టి, హ్యాండ్ బ్రేక్ వదిలేసి, వెనక జాకీ ఎత్తి స్టాండు పెట్టాం. చక్రం ఊడింది, డ్రమ్ము ఊడలేదు. పక్కింటి పిల్లాడు ఉత్సాహంగా సమ్మెట తెచ్చాడు.

"ఆగు తమ్మీ. ఇది పోత ఇనుము. అంచు మీద కొడితె పెంకు లెక్క లేస్తది" అన్నాడు భాయ్.

ఆ మాట నాకు బాగా పట్టింది. ఈ బండి తయారీ ఆగిపోయి ఏళ్లయింది. పగిలిన డ్రమ్ముకు మరొకటి వెతుక్కోవడం కన్నా ఉన్నదాన్ని కాపాడుకోవడమే మేలు. గ్యాస్ మంట పెడదామా అని అడిగితే భాయ్ అదీ వద్దన్నాడు. ఆ వేడికి లోపలి ఆయిల్ సీలు, బ్రేకు షూలను నెట్టే వీల్ సిలిండర్ రబ్బర్లు మాడిపోతాయట.

అసలు డ్రమ్మును ఏది పట్టుకుని ఉందో ముందు తెలియాలి. నడుమ హబ్, అంటే డ్రమ్ము కూర్చునే మధ్య భాగం, చుట్టూ తుప్పు పట్టి ఉండొచ్చు. డ్రమ్మును లోపలి నుంచి ఒత్తి ఆపే షూల మీది రాపిడి పొర, అదే లైనర్, డ్రమ్ముకు అతుక్కుని ఉండొచ్చు. లేదా ఏళ్ల తరబడి అరిగిన డ్రమ్ములో అంచున ఒక గట్టు మిగిలి, దానికి షూలు తట్టుకుంటూ ఉండొచ్చు. మా బండికి మొదటి రెండూ ఉన్నాయి.

భాయ్ వైర్ బ్రష్‌తో హబ్ చుట్టూ గీకి, సన్నటి గొట్టంతో తుప్పు వదిలించే డబ్ల్యూడీ-40 స్ప్రే కొట్టాడు. లోపలికి ఇంకేలోగా చాయ్ తాగాం. డ్రమ్ము ముఖం మీద మరలు తిప్పిన చిన్న రంధ్రాలు రెండు ఉంటాయి. వాటిలో బోల్టు బిగిస్తే అది హబ్‌కు తన్ని డ్రమ్మును బయటికి నెడుతుంది. వాటిలో మట్టి గట్టిపడి రాయైంది. మేకుతో తవ్వి, 8 ఎంఎం బోల్టులు రెండూ చేత్తోనే ఎక్కించాడు. ఆ తర్వాత స్పానర్‌తో ఇటు అర చుట్టు, అటు అర చుట్టు. ఒకే వైపు బిగిస్తే డ్రమ్ము వంకరగా ఇరుక్కుంటుంది, మర కూడా పోతుంది. బోల్టు బిగుసుకున్నప్పుడల్లా ఆగి, స్టడ్ల మధ్య చెక్క పెట్టి మెల్లగా తట్టాడు. చెవి దగ్గర పెట్టి వింటూ ఒకసారి నా చెయ్యి కూడా డ్రమ్ము మీద పెట్టించాడు. తట్టినప్పుడు మొదట మొద్దుగా వినిపించిన చప్పుడు క్రమంగా ఖంగుమనడం మొదలైంది. అది వదులుతోందనడానికి గుర్తు. ఇంత ఓపిక నేను ఏ పనిలోనూ చూడలేదు.

ఈలోగా అమ్మ బతుకమ్మకు గునుగు పూలు లేవని రెండుసార్లు కేకేసింది. స్కూటీ మీద వెళ్లి తెచ్చి ఇచ్చి వచ్చేసరికి డ్రమ్ము హబ్ నుంచి వేలెడంత బయటికి వచ్చి ఉంది. మరో నాలుగు తట్లకు టప్పున వదిలింది. లోపల ఎర్ర తుప్పు, ఎండిన ఒండ్రు, ఒక షూ లైనర్ సగానికి పైగా ఊడిపోయి ఉంది.

దుమ్మును గాలితో ఊదనివ్వలేదు నేను. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండేది, అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. సబ్బు నీళ్లతో తడిపి బట్టతో తుడిచాం. వీల్ సిలిండర్ రబ్బరు టోపీ ఎత్తి చూస్తే తడిగా ఉంది, అంటే బ్రేక్ ఆయిల్ లీకవుతోంది. చక్రం పట్టేసినందుకు తిట్టుకున్నాం కానీ, పట్టేయకపోతే ఈ లీకు ఎవరికి కనబడేది? రోడ్డు మీద పెడల్ అడుక్కు పోయాకే తెలిసేది. ఇది తలుచుకుంటేనే టెన్షన్ వస్తోంది.

కొత్త సిలిండర్ కిట్, కొత్త షూలు వేశాం. డ్రమ్ము లోపల గరుకు కాగితంతో రుద్ది, హబ్ కూర్చునే చోట పల్చగా గ్రీజు పూశాడు భాయ్, లైనర్ వైపు ఒక్క చుక్క పోకుండా. ఆఖరున బ్రేకు ఆయిల్ పైపుల్లోంచి గాలి తీసే పని. బాపు సీట్లో కూర్చున్నాడు.

"తొక్కు బాపూ... పట్టుకో... వదులు."

పైపులో బుడగలు ఆగిపోయేదాకా తొక్కుతూనే ఉన్నాడు.

"ఇప్పుడు గట్టిపడ్డదిరా" అన్నాడు బాపు. రేపు ఎడమ వైపుది విప్పుతాం.